పేరులేని మా సాయంకాలపు కూటము

(శతాబ్ది సభలలో తగరపువలస విశ్రాంత సహోదరుల తరపున చేసిన ప్రసంగ పాఠము)



శతాబ్ది సంచికలో సంఘముల చరిత్రలు, పాఠశాలల చరిత్రలు, ఆసుపత్రుల చరిత్రలు ఉండును. అది న్యాయమే. సాయంత్రము ఐదు గంటలకు వచ్చి ఏడు గంటలకు లేచిపోవు ముసలివారికి చరిత్ర ఏమిటని మాలోనే కొందరికి సందేహము కలిగినది. అయినను సంచిక పనిచూచుచున్నవారు మమ్ము విడువలేదు. మాకు నలుబది నిమిషములు ఇచ్చినారు. నలుబది నిమిషములనగా ఒక పీరియడు. రిటైరయిన ఉపాధ్యాయుల చేతికి ఒక పీరియడు ఇచ్చుట ఎంత ప్రమాదమో వారికి తెలిసినట్టు లేదు.

మొదట ఒక మాట. మా కూటమునకు పేరు లేదు, రిజిస్ట్రేషను లేదు, అధ్యక్షుడు లేడు. కూటమనగానే మీలో చాలమంది ప్రార్థనకూటమనుకొందురు, అది కాదు. ఊరిలో మమ్మును "చెట్టుకింద ముసలోళ్లు" అందురు. చెట్టు మాత్రము చర్చి ఆవరణలోని వేపచెట్టు. అప్పటి అయ్యగారు దయతో కూర్చుండనిచ్చినారు, తరువాత వచ్చిన అయ్యగార్లు ఎవరును లెమ్మనలేదు. కూర్చుండువారిలో అన్ని మతములవారును ఉన్నారు. మాకున్న రికార్డు ఒక్కటే: టీ లెక్కల పుస్తకము. ఎవరు ఏ దినమున ఎన్ని టీలకు డబ్బిచ్చినారో అందులో ఉన్నది. అందుచేత ఎవరు ఎప్పుడు వచ్చి చేరినారో, ఎవరు ఎప్పటినుండి రాలేదో కూడ తెలియును. ఈ ప్రసంగమునకు సగము ఆధారము ఆ పుస్తకమే. అది కూడ 2010 వరకే ఉన్నది. ఆ తరువాత ఎందుకు లేదో చెప్పుటకే నిజానికి ఈ దినము ఇక్కడ నిలువబడినాము.

దూరమునుండి వచ్చినవారి కొరకు మా ఊరిని గూర్చి కొంచెము చెప్పవలెను. విశాఖపట్టణము నుండి విజయనగరము వైపు పోవు పెద్దరోడ్డు మీద ఉన్న ఊరు తగరపువలస. అనంతగిరి కొండలలో పుట్టి, తాటిపూడి జలాశయము మీదుగా దిగివచ్చిన గోస్తనీ నది మా ప్రక్కగా పారి భీమునిపట్నము వద్ద సముద్రములో కలియును. భీమునిపట్నము 1861లోనే మునిసిపాలిటీ అయిన పాత రేవుపట్టణము. ఈ ప్రాంతపు గోగునార ఆ రేవులో ఓడలకెక్కినందున ప్రపంచ వర్తకములో దానికి బిమ్లీ జూటు అను పేరు వచ్చినది. మనము పప్పులో వేసుకొను గోంగూర జాతి మొక్క నారయే అది. గోగుకట్టలను చెరువులలో ఊరవేయు రోజులలో ఆ వాసనకు పరాయి ఊరివారు ముక్కు మూసుకొందురు. మాకు మాత్రము అది పండుగకు ముందు చేతికి డబ్బు వచ్చు వాసన. ఆ నారను నూలు చేసి, గోనెలు నేసినది మా ప్రక్కనే ఉన్న చిట్టివలస జూట్ మిల్లు. బ్రిటిషువారి కాలమునాటిది. ఇక్కడి కుటుంబములలో తాత, తండ్రి, కొడుకు ముగ్గురును ఆ మిల్లు గేటులోనే నడిచినవి ఎన్నో ఉన్నవి.

ఊరికి గడియారము మిల్లు కూత. కూత విని పొయ్యి ముట్టించినారు, కూత విని పిల్లలను బడికి పంపినారు. మా బడిలో గంట కొట్టు మనిషి కూడ కూతను బట్టియే గంట కొట్టినాడు.

ఇక విరమణ అను మాటకు వత్తుము. మా తాతలకు ఈ మాట తెలియదు. రైతు చేయి ఆడినంతకాలము పొలమునకు పోయెను. చేయి ఆడనినాడు కల్లమువద్ద మంచము వేసుకొని కాపలా పడుకొనెను, మనుమలకు పగ్గములు పేనుట నేర్పెను. ఆయన పని ఏటేట తగ్గినదే గాని ఫలానా తేదీ సాయంత్రము ఆగిపోలేదు. మనిషి పనికి తేదీ పెట్టినది సర్కారు జీతము, దాని వెనుక మిల్లు. జర్మనీలో బిస్మార్కు కాలమున 1889లో ముసలివారి పెన్షను చట్టము వచ్చినప్పుడు వయస్సు 70 అని పెట్టినారు. 1916లో దానిని 65 చేసినారు. ఇంగ్లండులో 1908 నాటి చట్టము కూడ 70 ఏండ్లవారికే. మన దేశములో సర్కారు కొలువువారి పెన్షనులకు 1871లోనే చట్టమున్నది. మిల్లు కార్మికునికో? ప్రావిడెంటు ఫండు చట్టము 1952లో, గ్రాట్యుటీ చట్టము 1972లో వచ్చినవి. నెలనెల చేతికి వచ్చు పెన్షను పథకము 1995 నవంబరు 16 నుండి గాని లేదు. ఈ తేదీలను జ్ఞాపకముంచుకొనవలెనని మనవి. పాఠములో ముందుకు పోయినకొలది అవసరపడును.

కూర్చుండుటకు చోటు మాట వేరు. విశాఖలో వాల్తేరు క్లబ్బు 1883లో దొరల కొరకు పుట్టినది. మూడేండ్లకు, 1886లో, అదే పట్టణమున మంతెన ఆదినారాయణమూర్తిగారు సరస్వతీ నిలయమను గ్రంథాలయము పెట్టినారు. మా దృష్టిలో తెలుగుదేశపు ముసలివారికి అసలయిన క్లబ్బు ఆ రెండవ రకమే. పఠనమందిరములో పేపరు మీద పేపరు లాగుకొని చదివి, చదివినదాని మీద వాదులాడి, దీపము పెట్టు వేళకు ఇంటికి పోయినవారిని మా చిన్నతనమున చూచినాము.

పరాయి దేశములో కూడ ఇట్టివి ఉన్నవి. ఇంగ్లండులో వెల్విన్ గార్డెన్ సిటీ అను ఊరిలో 1965లో కొందరు రిటైరయినవారు ఉదయము కాఫీ త్రాగుటకు కలిసికొనుట మొదలుపెట్టినారు. మరుసటి ఏడు కేటర్‌హామ్ అను ఊరిలో భోజనవేళ కలిసికొను మరియొక బృందము ఏర్పడినది. ఆ రెండింటి నుండి వ్యాపించిన వాటినే ప్రోబస్ క్లబ్బులందురు. వృత్తి, వ్యాపారము అను రెండు ఇంగ్లీషు మాటల మొదటి అక్షరములు కలిపి చేసిన పేరది. దినదినము రైలెక్కి లండను పోయి రాత్రికి తిరిగివచ్చినవారు, రైలు ఎక్కనవసరము లేనినాడు చూచుకొనగా తమ ఊరిలో తమకే స్నేహితులు లేరట. ఇది చదివి మేము చాలసేపు నవ్వుకొన్నాము. ఎందుకనగా మా కూటము కూడ సరిగా అట్లే, ఒక బస్సుస్టాపులో పుట్టినది.

1979లో మన రాష్ట్రములో ప్రభుత్వోద్యోగుల విరమణ వయస్సును 55 నుండి 58కి పెంచినారు. 1983 ఫిబ్రవరిలో కొత్తగా వచ్చిన ప్రభుత్వము దానిని మరల 55కు దించినది. చదువుకొని పనిలేక తిరుగుచున్న యువకులకు చోటు కావలెనని చెప్పిన కారణము. ఆ కారణము అబద్ధమని మేమనము, మా ఇండ్లలోనే అట్టి కుమారులు ఉండిరి. 55 దాటినవారందరు ఫిబ్రవరి 28వ తేదీ సాయంత్రము ఒక్కసారిగా ఇండ్లకు పోవలసి వచ్చినది. రాష్ట్రమంతట వేల మంది. పరీక్షలు దగ్గరపడిన కాలము. పదవ తరగతి లెక్కలు సగములో ఉన్నవి.

మరునాడు మార్చి ఒకటి, మంగళవారము. మా ముందువారిలో నలుగురు, ఎవరికి వారే, వేకువనే లేచి స్నానము చేసి, ఇస్త్రీ చొక్కా తొడుగుకొని, క్యారేజి పట్టుకొని బస్సుస్టాపునకు వచ్చినారు. ముగ్గురు ఉపాధ్యాయులు, ఒకరు కచ్చేరీ గుమాస్తా. పని లేదని తెలియక కాదు. ఇంటిలో ఉండుట ఎట్లో తెలియక. బస్సు వచ్చినది, పోయినది. ఒకరి ముఖము ఒకరు చూచుకొన్నారు. అక్కడినుండి నడిచివచ్చి వేపచెట్టు క్రింద కూర్చుండి, పదునొకండు గంటలకే క్యారేజీలు విప్పి తినివేసినారు. టీ పుస్తకములో మొదటి పద్దు ఆ దినముదే: నాలుగు టీలు, రెండు రూపాయలు. అంతకంటె ఒక్క మాట ఎక్కువ వ్రాయలేదు. లెక్కల మాష్టరు వ్రాసినది కదా.

ఇండ్లలో ఆడవారి మాటకూడ చెప్పవలెను. మొదటి వారములోనే, "వంటింట్లో మూలమూలకీ అడ్డు పడిపోతన్నారు, మీ చెట్టుకిందకి పోండి" అని తరిమినది వారే. మా కూటమునకు స్థాపకులెవరని అడిగినయెడల నిజముగా వారినే చెప్పవలెను. వారికి విరమణ ఏ తేదీన అని ఒక సహోదరి ఒకమారు మమ్మును అడిగినారు. జవాబు చెప్పలేకపోయినాము. ఆ చరిత్ర వేరొకరు, వారిలోనుండియే, వ్రాయవలెను.

తరువాత జరిగినది వింత. 1984 ఆగస్టులో వయస్సు మరల 58 అయినది. తగ్గించుట చెల్లునని సుప్రీంకోర్టు 1985 జనవరిలో తీర్పు చెప్పినది. అదే సంవత్సరము వేరొక తీర్పులో, ఆ మధ్యకాలమున ఇంటికి పంపబడినవారిలో 58 నిండనివారిని తిరిగి పనిలోనికి తీసికొనవలెననియు, నిండినవారికి రావలసిన సొమ్ము ఇవ్వవలెననియు చెప్పినది. దానితో మా బల్లలు సగము ఖాళీ అయినవి. ముందే సన్మానము జరిగి, శాలువా కప్పించుకొని, గోడగడియారము పుచ్చుకొని వచ్చినవారు మరల సుద్దముక్క పట్టుకొన్నారు. 58 నిండగానే రెండవమారు సన్మానము, రెండవ శాలువా, రెండవ గడియారము. ఒకాయన ఇంటిలో ఆ రెండు గడియారములును ఒకే గోడమీద చాలకాలము ఉండినవి. ఎన్నడును ఒకే సమయము చూపలేదు.

ఈ రెండుమార్ల విరమణవలన కూటమునకు ఒక పని అబ్బినది. కాగితములు నడుపుట వారికి బాగుగా తెలిసినది. పెన్షను దయతో ఇచ్చునది కాదు, చేసిన సేవకు హక్కుగా రావలసినదని సుప్రీంకోర్టు నకారాగారి కేసులో 1982 డిసెంబరు 17న చెప్పియుండెను. దేశమందలి పెన్షనర్లు నేటికిని ఆ తేదీని పండుగగా చేసికొందురు. మావారు పండుగలు చేయలేదు గాని, ఎవరి సర్వీసు పుస్తకములో పుట్టినతేదీ తప్పుపడినను, ఏ విధవరాలికి కుటుంబ పెన్షను ఆగినను, చెట్టు క్రిందనే అర్జీ వ్రాసి, నకలు తీసి, పంపినారు. ఒక కార్యాలయములో ఒక కాగితము కొరకు పదునొకండుమార్లు తిరిగినది కూడ టీ పుస్తకము అంచున గీతలు గీసి లెక్కవేసి ఉన్నది. మిగిలిన వేళలో పేపరు, చదరంగము, పులి-మేక. చెట్టు మొదట ఉన్న నాపరాతి పలకమీద సుద్దతో గీసిన పులి-మేక గళ్లు వానకు చెరిగినప్పుడెల్ల మరల గీసినాము. మూడు పులులు, పదునైదు మేకలు. ఉపాధ్యాయులందరు పులులే కావలెనందురు.

ఇక చెప్పవలెనని వచ్చినదానికి వచ్చినాము.

తొంభైలలో పనిలేని కుర్రవారు కొందరు సాయంకాలము మా బల్లలమీద చేరి పేకాట మొదలుపెట్టినారు. చర్చి ఆవరణలో పేకాటా అని అయ్యగారు నొచ్చుకొన్నారు. అప్పుడు మేము టీ పుస్తకము వెనుక అట్టమీద ఒక నిబంధన వ్రాసినాము: పదవీ విరమణ ఉత్తర్వు కలవారే ఈ బల్లలమీద కూర్చుండవలెను. వ్రాసినప్పుడు అది మంచి నిబంధనయే. కుర్రవారు పోయినారు. మిల్లు కార్యాలయమునుండి రిటైరయినవారు ఒకరిద్దరు ఉత్తర్వులతో వచ్చి చేరినారు. మగ్గములమీద పనిచేసినవారు మాత్రము రాలేదు. రావద్దని ఎవరును అనలేదు. వారు రాలేదు, మేము పిలువలేదు, అంతే.

గోనె వ్యాపారమునకు ప్లాస్టిక్కు సంచి దెబ్బ తగిలినది అందరెరిగినదే. ధాన్యమునకు, పంచదారకు గోనెసంచులే వాడవలెనని 1987లో కేంద్రము చట్టము చేసినది. అయినను మిల్లులు తేరుకొనలేదు. 2009లో చిట్టివలస మిల్లులో లాకౌటు ప్రకటింపబడినది. మరల తెరువలేదు. ఊరిలో కూత ఆగినది. మొదటి కొన్ని దినములు వేకువను మెలకువ రాక పిల్లలు బడికి ఆలస్యముగా పోయినారని చెప్పుకొన్నారు. ఆ తరువాత మిట్టమధ్యాహ్నము రోడ్డుమీద నలుబదియైదేండ్ల, ఏబదియేండ్ల మగవారు కనుపించుట మొదలయినది. వయస్సులో ఉన్నవారు విశాఖలో అపార్టుమెంట్ల కాపలాకు, కంపెనీలలో కాంట్రాక్టు పనులకు పోయినారు. కొందరు ఆటోలు తోలినారు. ఆ పనులకు ఎవరును తీసికొనని వయస్సువారు ఊరిలోనే ఉండిపోయినారు.

వారిలో ఒకాయన నేత విభాగములో ముప్పదియేండ్లు పనిచేసినవాడు. అప్పటికి 51 ఏండ్లు. పేరు చెప్పము, ఆయనకిష్టము లేదు. ఒక సాయంత్రము వచ్చి బల్ల చివర, సగము బల్లమీద సగము గాలిలో అన్నట్టు కూర్చున్నాడు. కొంతసేపటికి, "ఒక మాట అడుగుతాను మేష్టారూ. ఇంతకీ మేం రిటైరైనట్టా, కానట్టా?" అన్నాడు.

అది మంచి ప్రశ్న. చట్టములో లాకౌటు వేరు, మూసివేత వేరు. 1947 నాటి పారిశ్రామిక వివాదముల చట్టములో రెండింటికి వేరు వేరు నిర్వచనములు ఉండినవి. లాకౌటులో పని ఆగును గాని కొలువు తెగదు. గేటు మూసియున్నది, మనిషి మాత్రము ఇంకను ఆ మిల్లువాడే. కనుక ఆయనకు విరమణ ఉత్తర్వు ఇచ్చువారు లేరు, జీతమిచ్చువారు లేరు. ఇన్ని అర్జీలు వ్రాసిన మేము ఇదంతయు ఆయనకు చెప్పి, కూర్చుండబెట్టి, ఏమి చేయవచ్చునో ఆలోచించవలసినది. కాని మాలో ఒకరు, "ఉత్తర్వు ఉందా?" అన్నారు. "లేదండి." "అయితే కానట్టే." అందరు నవ్వినారు. ఎవరో ఒకరు నవ్వినారని చెప్పి తప్పించుకొనము. మేమే నవ్వినాము. ఆయనకూడ నవ్వినాడు. నవ్వి, మెల్లగా లేచి, తుండు దులుపుకొని పోయినాడు.

మరునాటినుండి ఆవరణ గోడకు వెలుపల, రోడ్డువైపు గట్టుమీద కూర్చుండుట మొదలుపెట్టినాడు. ఆయన ప్రక్కన మరి నలుగురైదుగురు. గోడకు ఇవతల మేము, అవతల వారు. మా మాటలు వారికి వినబడును, వారి బీడీల వాసన మాకు వచ్చును. ఏడు నెలలు అట్లే జరిగినది.

ఏడు నెలల తరువాత ఆయన లోపలికి వచ్చినాడు, చేతిలో ప్రావిడెంటు ఫండు ఫారముతో. ఆ పథకములో పెన్షను 58 ఏండ్లకు. పదేండ్ల సర్వీసు ఉండి, 50 నిండినవారు ముందే కోరినయెడల కొంత తగ్గించి ఇత్తురు. అది నింపించుకొనుటకు వచ్చినాడు. "కూర్చోవయ్యా" అన్నాము. "పర్వాలేదు మేష్టారూ, తొందర పనుంది" అన్నాడు. ఆయనకు తొందర పని ఏదియు లేదని మాకు తెలియును, మాకు తెలియునని ఆయనకు తెలియును. నాలుగు పుటల ఫారము నింపునంతవరకు నిలువబడియే ఉన్నాడు.

ఆ సాయంత్రము మాలో ఎవరును పులి-మేక ఆడలేదు. 1983 మార్చి ఒకటిన బస్సుస్టాపులో నిలిచిన నలుగురిలో అప్పటికి మిగిలియున్నది ఒక్కరే. 81 ఏండ్లవారు, చెవి సరిగా వినబడదు. అందుచేత ఏడు నెలల క్రిందటి నవ్వు ఎందుకో ఆయనకు తెలియలేదు. ఆ దినమున ఎవరో చెవిదగ్గర చెప్పినారు. విని చాలసేపు ఊరకున్నారు. తరువాత ఇట్లనినారు: "మనల్ని ఇంటికి పంపినప్పుడు మన చేతిలో ఉత్తర్వు ఉంది. ఉత్తర్వు ఉంది కాబట్టే కోర్టుకెళ్లాం, తిరిగి పనిలోకెళ్లాం. ఇతనికి అదికూడా లేదు. లేనిదాన్ని తెమ్మన్నామురా మనం." మా అందరిలో చిన్నవాడు అప్పటికి 62 ఏండ్లవాడు. అందరిని కలిపి ఆయన 'రా' అన్నారు. మాలో ముగ్గురు ఆయన శిష్యులే.

మరునాడు నిబంధన మీద తగవు జరిగినది. కొట్టివేయవలెనని కొందరు, సవరించవలెనని కొందరు. నిబంధన లేకున్న పేకాట తిరిగి వచ్చునని ఒకరు గట్టిగా వాదించినారు. వారి మాటలో న్యాయము లేకపోలేదు, తరువాత ఒకమారు పేకాట వచ్చినది కూడ. చివరకు ఆ పెద్దాయనే ఎర్రసిరా కలము తీసికొని, పరీక్ష పేపరు దిద్దినట్టు, అడ్డముగా ఒక గీత గీసినారు. ఇద్దరు ఆ దినమునుండి రావడము మానుకొన్నారు. ఒకరు ఏడాదికి తిరిగి వచ్చినారు, ఒకరు రాలేదు.

గీత గీయుట సులువు. గోడ అవతలివారిని పిలుచుటకు పది దినములు పట్టినది. వచ్చినారు. కాని టీ ముట్టరు. అడిగిన "ఇప్పుడే తాగి వచ్చామండి" అందురు. ఎందుకో తెలిసికొనుటకు మరి నెల పట్టినది. పుస్తకములో పేర్లున్నవి కదా. ఎవరు ఎన్ని టీలకు ఇచ్చినారో పద్దు ఉన్నది. ఒకరి పేరుకు ఎదురుగా సున్న ఉండును. ఇతరులకు నెలకు వేల రూపాయల పెన్షను వచ్చుచుండగా, సున్న ఎదుట కూర్చుండి టీ త్రాగునంత దీనులు వారు కారు. అందుచేత 2010లో పుస్తకము మూసినాము. పాత పాలడబ్బా ఒకటి తెచ్చి మూతకు చీలిక పెట్టి, చెట్టు కొమ్మకు కట్టినాము. వేయదలచినవారు వేయుదురు, ఎంత వేసినది ఎవరును చూడరు. నెలాఖరున టీ కొట్టు అతను వచ్చి డబ్బా విప్పుకొనును. తక్కువ వచ్చిన నెల చెప్పడు, ఎక్కువ వచ్చిన నెల చెప్పును. మా చరిత్రకు ఆధారము అక్కడితో ఆగినది. లెక్కల మాష్టరు ఉన్నచో బాధపడియుండును.

నేత కార్మికుని ఫారము మూడుమార్లు తిరిగి వచ్చినది. ఒకమారు తండ్రిపేరులో అక్షరము, ఒకమారు సంతకము, ఒకమారు ఏమియో వారే చెప్పలేదు. నాలుగవమారు అంగీకరించినారు. ఆ పథకపు లెక్క ఇది: సగటు జీతమును సర్వీసు ఏండ్లతో హెచ్చించి 70చేత భాగించవలెను. జీతము 5,000, సర్వీసు 14 ఏండ్లు అయిన నెలకు 1,000 రూపాయలు. 1995కు ముందరి సర్వీసుకు వేరుగా కొద్ది మొత్తము. కనీసము 1,000 రూపాయలు ఇవ్వవలెనని 2014 సెప్టెంబరు నుండి వచ్చినది, అంతకు ముందు ఆ కనీసము కూడ లేదు. ఉపాధ్యాయునికి జీతములో సగము పెన్షను, పైన కరువుభత్యము. మేమిద్దరము ఒకే బల్లమీద కూర్చున్నాము గాని ఇద్దరి విరమణ ఒకటి కాదని ఆ భాగహారము చేసినప్పుడు గాని మాకు తెలియలేదు. ఇన్నేండ్లు పిల్లలకు భాగహారము చెప్పినవారము.

బతికియున్నామని ఏటేట చూపవలసిన పత్రము 2014 నవంబరు నుండి వేలిముద్రతో యంత్రముమీద ఇచ్చుటకు వీలయినది. మంచిదే. కాని ముప్పదియేండ్లు గోగునార పట్టిన వేళ్లమీద గీతలు అరిగిపోయినవి, యంత్రము మనిషిని గుర్తుపట్టదు. కంటిపాపతో చూపు యంత్రము ఎక్కడున్నదో వెదకి తీసికొనిపోవుట ఇప్పుడు మా పని. సుద్దముక్క పట్టినవారి వేళ్లు కూడ కొన్ని అరిగినవే. ఈ ఒక్క విషయములో మిల్లువారును మేమును సమానులము.

2020, 2021 సంవత్సరములను గూర్చి ఎక్కువ చెప్పము. చెట్టు క్రిందికి ఎవరును రాలేదు. తిరిగి కలిసికొన్ననాడు బల్లమీద చోటు ఎక్కువగా ఉన్నది. ఎర్రసిరా గీత గీసిన పెద్దాయన అంతకు ముందే, నిద్రలోనే, పోయినారు.

ఇప్పుడు మరియొక చిక్కు. ప్రభుత్వోద్యోగుల విరమణ వయస్సు 2014లో 60, 2022 జనవరిలో 62 అయినది. పెంచినప్పుడెల్ల రెండేండ్లు మాకు కొత్తవారు ఒక్కరును రారు. పాతవారు మాత్రము పోవుచునే యుందురు. 2004 సెప్టెంబరు తరువాత చేరినవారికి మా పెన్షను కూడ లేదు, వారి ఏర్పాటు వేరు. కాంట్రాక్టు పనివారికి ఉత్తర్వుకాదు గదా, విరమణ తేదీయే లేదు. వారు ముసలివారై వచ్చినప్పుడు ఏ ఫారము నింపవలెనో మాకు తెలియదు. తెలిసినవారు ఈ సభలో ఉన్నచో సాయంత్రము ఐదు తరువాత దయచేసి రావలెను.

నేత కార్మికునికి ఇప్పుడు 65 దాటినవి. ప్రతిదినము వచ్చును. బల్ల చివర కాదు, చెట్టు మొదలుకు ఆనుకొని కూర్చుండును. అది ఇదివరలో హెడ్మాష్టరుగారి చోటు. పులి-మేకలో ఎప్పుడును మేకలే తీసికొనును, పదునైదు మేకలతో మా పులులను మూలకు త్రోసి కట్టివేయును. ఉపాధ్యాయులలో ఆయనను గెలిచినవారు ఇంతవరకు ఇద్దరే. ఆ ఇద్దరిలో ఒకరిని ఆయనే గెలువనిచ్చినాడని మాకు అనుమానము.

నలుబది నిమిషములు అయినట్టున్నది.